ఇత్తడి పళ్లెం మీద ఇంజన్ నూనె

నా చేత్తో కలిపిన నూనె పోసుకుని జగ్గయ్యపేట నుంచి నందిగామకు బస్సు నడిచిందంటే ఇప్పటి పిల్లలు నన్ను ఎగాదిగా చూస్తారు. మా మనవడైతే "నువ్వా?" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నేనే. మరెవరనుకున్నాడు? ఈ వయసులో గొప్పలు చెప్పుకుంటే నాకు కొత్తగా ఒరిగేదేమీ లేదు. అయినా చెప్పుకుంటాను, ఎందుకంటే అది గొప్పే.

మాది నూనెల వ్యాపారం. మాది అంటే మా అత్తవారిది. పేట బజారులో మా మామగారికి నువ్వుల నూనె, ఆముదం, కిరసనాయిలు అమ్మే పెద్ద కొట్టుండేది. మా పుట్టిల్లు నందిగామ. అక్కడా వ్యాపారమే, కాకపోతే బట్టలు. నేను కాపురానికి వచ్చేటప్పటికి మా వారికి కొట్లో తక్కెడ ముందు కూర్చోవడమంటే ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న లారీ ఒకటి తండ్రి చేత కొనిపించి, బెజవాడలో దానికి పెట్టె కట్టించి, బస్సు చేశారు. నడిపేదీ తానే. "షావుకారు గారబ్బాయి తక్కెడ వదిలేసి చక్రం పట్టాడు" అని బజారంతా నవ్వుకున్నారు. మా మామగారికి ఆ నవ్వు చెవిన పడింది. కొడుకు మీద ముద్దు కొద్దీ కొనిచ్చారే గాని, ఆయన ఒక్కనాడూ ఆ బస్సెక్కలేదు. నందిగామ వెళ్లాల్సి వస్తే ఒంటెద్దు బండి కట్టించుకునే వెళ్లేవారు.

నాకు మాత్రం ఆ బస్సంటే ప్రాణం. స్వతంత్రం వచ్చిన ఏడాది చివర్లో సరిహద్దు అవతల, నిజాం రాజ్యంలో గొడవలు ముదిరి, అక్కడి జనం పిల్లా జెల్లాతో గరికపాడు మీదుగా మా వైపు వచ్చిపడుతున్నారు. మూటలు నెత్తిన పెట్టుకుని నడిచొచ్చిన వాళ్లను మా వారు బస్సెక్కించుకుని నందిగామలో చుట్టాలిళ్లకు చేర్చేవారు. వాళ్లు దిగేటప్పుడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేవారని ఆయన చెబుతుంటే నేనే నడిపినంత పొంగిపోయేదాన్ని.

అప్పట్లో పెట్రోలు రేషను. అందుకని బస్సు వెనక పొడుగాటి పొయ్యి ఒకటి కట్టి, బొగ్గులు రాజేసి, ఆ పొగతోనే ఇంజన్ నడిపేవారు. పెట్రోలుకు బదులు బొగ్గు దొరికింది గాని ఇంజన్ నూనెకు బదులు ఏదీ లేదు. మా బండికి కావలసింది ముప్పై నంబరు నూనె. డబ్బా మీద అంకె వేసి ఉండేది. అంకె పెరిగే కొద్దీ నూనె చిక్కన, తగ్గే కొద్దీ పల్చన. ఆ చలికాలం బెజవాడ ఏజెంటు దగ్గర ముప్పై అయిపోయింది. మిగిలినవి యాభై, ఇరవై.

మా వారు ముందు యాభై తెచ్చి పోశారు. పుష్యమాసపు చలికి పొద్దున్నే అది పేరిన నెయ్యిలా ఉండి, ఇంజన్ తిప్పే హ్యాండిల్ కదిలేది కాదు. ఆయన, క్లీనరు, ఆఖరికి ప్రయాణికులు కూడా వంతులు వేసుకుని తిప్పేవారు. బండి కదిలేసరికి ఎండెక్కేది. ఇలా కాదని అది దించేసి ఇరవై పోశారు. పొద్దున ఒక్క తిప్పుకే అందుకునేది గాని, చిల్లకల్లు దాటి కాస్త వేడెక్కేసరికి ఆ నూనె నీళ్లయిపోయి, ఒత్తిడి చూపించే ముల్లు అడుగుకు పడిపోయేది. లోపల ఇనుముకూ ఇనుముకూ నడుమ నూనె పొర నిలవకపోతే అవి రాసుకుని పట్టేసుకుంటాయని మా వారు చెప్పారు. ఒకసారి పట్టేసిందా, అది ఇక బస్సు కాదు, పాత ఇనుమే. అందుకని ముల్లు పడినప్పుడల్లా బండి పక్కకు తీసి చల్లారేదాకా కూర్చునేవారు. జనం తిట్టుకుంటూ దిగి నడిచిపోయేవారు.

ఒక రోజు భోజనాల దగ్గర మా మామగారు తేల్చి చెప్పేశారు.

"ఇంజన్ పట్టేసిందాకా ఆగితే ఇనప సామానోడు కూడా కొనడు. నందిగామ మిల్లు ఆయన అడుగుతన్నాడు. ఆయనకి రెండు బస్సులున్నయ్, ఇది మూడోది అవుద్ది. మాట ఇచ్చేశా. ఇది శూన్యమాసం గనక ఆగా. మాఘం రాగానే బండి తీసుకెళ్లి అప్పజెప్పటమే. నువ్వు మళ్లీ కొట్లో కూర్చో."

మా వారు అన్నం కెలుకుతూ ఉండిపోయారు. మా ఇళ్లలో పుష్యమాసంలో శుభమైన బేరమేదీ చెయ్యరు. ఆ పట్టింపు పుణ్యమా అని బస్సు మాకు అమావాస్య దాకా మిగిలింది. అన్నం ముందు మా వారి ముఖం చూశాను. ఏదో ఒకటి చెయ్యాలని అప్పుడే అనుకున్నాను.

మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. కోడలు మామగారితో ఎదురుపడి మాట్లాడకూడదు. ఆయన మండువాలో కూర్చుంటే నేను తలుపు చాటున నిలబడి, "అత్తయ్యా, కాఫీ తెమ్మంటారా అని అడగండి" అనేదాన్ని. ఆయన మా మధ్య ఉన్న తలుపును చూస్తూ "తెమ్మనవే" అని అత్తయ్యకు చెప్పేవారు. మధ్యలో మా అత్తయ్య రెండు వైపులా మోసేది. ఒక్కోసారి విసుగు పుట్టి, "ఇద్దరికీ చెవులున్నయ్ గదా, నన్ను చంపుతారేంది" అనేది.

బస్సు అమ్మేసే లోపల నడవాలి గదా అని, మా మామగారే ఒక ఉపాయం చెప్పారు. ఆయన పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నూనెల మధ్యనే పెరిగిన మనిషి. ఎద్దుబండి ఇరుసుకు తాతల కాలం నుంచీ వేసే కందెన ఆముదమే. నూనెల్లో ఆముదాన్ని మించిన చిక్కనిది లేదు. అందుకని పల్చటి ఇరవైలో కాస్త ఆముదం కలిపితే సరిగ్గా కుదురుతుందన్నారు. ఏ కొట్టు షావుకారైనా అదే అంటాడు. చెప్పడమే కాదు, సాయంత్రం కొట్లోంచి ఆముదం తెప్పించి, తనే దగ్గరుండి డబ్బాలో కలిపించారు.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక బుద్ధి ఉంది. ఎవరైనా ఒక మాట మరీ గట్టిగా చెబితే, అది నిజమో కాదో చూసేదాకా ఊరుకోలేను. ఆ కలిపిన నూనె కొంచెం ఖాళీ మందు సీసాలో పోసి గూట్లో పెట్టాను. పొద్దున లేచి చూద్దును గదా, సీసాలో రెండు నూనెలున్నాయి! ఆముదం అడుక్కి దిగిపోయి ఒక గీత గీసినట్టు విడిగా కూర్చుంది. పైన ఇంజన్ నూనె దాని దారిన అది తేలుతోంది. అప్పటికే వీధిలో మా వారు డబ్బా ఎత్తి ఇంజన్‌లో పొయ్యబోతున్నారు. మామగారు పక్కనే నిలబడి ఉన్నారు.

తలుపు చాటూ గుర్తుకు రాలేదు, అత్తయ్యా గుర్తుకు రాలేదు. సీసా పట్టుకుని వీధిలోకి పరుగెత్తాను.

"పొయ్యకండి! కలవలేదు మామయ్యగారూ, చూడండి, ఇది అసలు కలవదు!"

వీధి అరుగుల మీద వాళ్లందరూ ఆగిపోయి చూశారు. మా అత్తయ్య వెనక నుంచి "అయ్యో అయ్యో" అంటూనే ఉంది. మా మామగారు నా ముఖం చూడలేదు. సీసా మాత్రం అందుకుని, ఎండకు ఎత్తి పట్టుకుని, ఇటూ అటూ వంచి చూశారు. ఆయన నూనె వ్యాపారి. ఆ గీత ఏమిటో ఆయనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. సీసా మా వారి చేతికిచ్చి, "డబ్బా దించు" అని కొట్టుకు వెళ్లిపోయారు. ఎదురు మాట్లాడినందుకు నన్ను ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. అన్నా పడేదాన్ని కాదు.

ఇక మిగిలిన దారి యాభైనీ ఇరవైనీ కలపడం. ఆ రెండూ ఒక జాతివే గనక విడిపోవు. మా వారు వెంటనే లెక్క కట్టేశారు. రెండు ధరల బియ్యం కలిపి మధ్య ధర తేవడం మా ఇళ్లలో ఉగ్గుపాలతో వచ్చే విద్య.

"యాభైది ఒక పాలు, ఇరవైది రెండు పాళ్లు. మొత్తం తొంభై, మూడింటికి పంచితే ముప్పై. అంతేగా!" అని పెరట్లో వసారాలో కూర్చుని సంబరంగా కలిపేశారు.

"అది ధరా, భాగించటానికి? నాకు నమ్మకం లేదండీ," అన్నాను.

"లెక్కని కూడా నమ్మవా నువ్వు?"

"చూసి నమ్ముతా."

అసలైన ముప్పై నంబరు నూనె పాత డబ్బా అడుగున కాస్త అంటుకుని ఉంది. దాన్ని బోర్లా వంచి, ఒక సీసాలోకి చుక్క చుక్కా ఒడిసి పట్టుకున్నాను. ఒక ఇత్తడి పళ్లెం గోడకు ఏటవాలుగా ఆనించి, పై అంచున ముప్పై చుక్క ఒకటి, పక్కనే మా వారి లెక్క చుక్క ఒకటి వదిలాను. రెండూ జారడం మొదలుపెట్టాయి. మా వారిది ముందు పరుగెత్తి కిందికొచ్చి కూర్చుంది. ముప్పై ఇంకా సగం దారిలో తీరుబడిగా వస్తోంది. పల్చటిది ఒక్క పాలు చాలు, చిక్కటిదాన్ని తన వైపు లాగేసుకుంటుంది. డబ్బా మీది అంకెలు నూనెకు పెట్టిన పేర్లే గాని కూడి భాగించడానికి పనికొచ్చేవి కావు. మా వారు పళ్లెం ముందు గొంతుక్కూర్చుని తన చేత్తో ఇంకో రెండు చుక్కలు వదిలి చూశారు. తరవాత పక్కకు జరిగి, "సరే, నువ్వే కానీ" అన్నారు.

అప్పటి నుంచి ఆ వసారా నాది. మా అత్తయ్యకు మడీ ఆచారం ఎక్కువ. ఆ నల్లటి కంపు నూనె వంటింటి గడప దాటితే తను అన్నం ముట్టనని చెప్పేసింది. నూనె ముట్టుకున్న ప్రతిసారీ సీకాయతో చేతులు తోముకుని, తలారా స్నానం చేస్తే గాని నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. ఆ చలిలో స్నానాల మీద స్నానాలు చేశాను. "పెళ్లికూతురికి కూడా ఇన్ని స్నానాలు చేయించలేదే" అని ఎగతాళి చేస్తూనే, కాగులో వేడినీళ్లు తనే కాచి పెట్టేది. ఆ పళ్లెం కూడా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే. ఇక అందులో ఎవరూ తినలేరు గనక, "తీసుకో, నీ ఇంజన్‌కే నైవేద్యం పెట్టు" అని ఇచ్చేసింది.

యాభై కాస్త పెంచి చూడటం, చుక్కలు వదలటం, మళ్లీ పెంచటం. చల్లటి పళ్లెం మీద రెండూ సమంగా జారాయని సంబరపడ్డాను గాని ఇంజన్ లోపల చలి ఉండదు గదా అని తోచింది. పళ్లెం వెనక కుంపటి పెట్టి వేడి చేసి మళ్లీ వదిలాను. వేడికి తేడా బయటపడింది. ఇంకొంచెం యాభై పోశాను. ఆఖరికి చల్లటి పళ్లెం మీదా, వేడి పళ్లెం మీదా రెండు చుక్కలూ జోడెద్దుల్లా పక్కపక్కనే దిగాయి. అప్పుడు డబ్బాలు రెండూ ఎండలో పెట్టి వెచ్చబడనిచ్చి, తడి తగలకుండా తుడిచిన కిరసనాయిలు డబ్బాలో పోసి, చారలు లేకుండా పోయేదాకా కర్రతో కలియబెట్టి, పాత పంచె గుడ్డతో వడకట్టాను. నా భుజాలు లాగేశాయి. మర్నాడు పొద్దున మా వారు హ్యాండిల్ తిప్పిన చప్పుడూ, వెంటనే ఇంజన్ అందుకున్న చప్పుడూ వంటింట్లోకి వినిపించాయి. నేను కూర తరుగుతున్న కత్తిపీట ముందే కూర్చుని నవ్వుకున్నాను.

పుష్యమాసం చివరి రోజులన్నీ బస్సు ఆగకుండా తిరిగింది. మా మామగారు మాత్రం లొంగలేదు. "నాలుగు రోజులు తిరగంగానే సరా? మాట ఇచ్చా" అన్నారు అత్తయ్యతో. మాఘం రానే వచ్చింది. బస్సు అప్పజెప్పడానికి తనే నందిగామ బయలుదేరారు. అందుకోసమే జీవితంలో మొదటిసారి దాన్ని ఎక్కారు. "అమ్మాయిని కూడా రమ్మను. ఇదే ఆఖరి ట్రిప్పు గదా, పుట్టింట్లో దించుదాం" అని తలుపుకు చెప్పారు.

బస్సు నిండా జనం, టాపు మీద మిరప బస్తాలు. ఆయన డ్రైవరు పక్క సీట్లో, నేను వెనక ఆడవాళ్ల సీట్లో కూర్చున్నాం. చిల్లకల్లు దాటుతుండగా ఆయన ముందున్న ముల్లును చూపించి అడిగారు.

"అబ్బాయ్, ఏందిరా అది?"

"నూనె ఒత్తిడి నాన్నా. పడిపోయేది అదే. ఇదివరకు ఈపాటికి అడుక్కొచ్చేసేది."

"మరి పడలా?"

"పడదు."

ఆ తరవాత ఆయన రోడ్డు చూడలేదు, పొలాలు చూడలేదు. నందిగామ దాకా ఆ ముల్లు మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నారు. నేను ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. ముల్లు నిలబడింది గాని, బస్సు మాత్రం మా చేజారిపోతోంది.

నందిగామలో బస్సులు ఆగే చోట మిల్లు ఆయన ఎదురు చూస్తున్నాడు. జనం దిగిపోయారు. నాకు దిగబుద్ధి కాలేదు, కిటికీ పక్కనే ఉండిపోయాను. మిల్లు ఆయన ఇంజన్ నడుస్తుండగా చెవి పెట్టి విన్నాడు. ఆపించి, నూనె కొలిచే కడ్డీ తీయించి, రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు.

"షావుకారు గారూ, ఈ నూనె ఎక్కడ దొరికిందండీ మీకు? నా బళ్లు రెండూ మూలన పడున్నయ్. బెజవాడంతా గాలిస్తన్నా, ముప్పై నంబరు ఎవరి కాడా లేదు."

"కొన్నది కాదండీ. ఇంట్లో కలిపింది," అన్నారు మామగారు.

"ఎవరు?"

"మా కోడలు."

ఆయన నవ్వబోయి, మా మామగారి ముఖం చూసి మానుకున్నాడు. "అట్టయితే ఎంతకెంత కలిపిందో కూడా చెప్పించండి. బండితోపాటు అదీ ఇప్పించాలి."

మా మామగారు కిటికీ దగ్గరికి వచ్చి, తిన్నగా నన్నే అడిగారు. "ఏమ్మా, ఎంతకెంత?"

ఉన్న మాటే చెప్పాను. "ఇంతకింత అని చెప్పలేం మామయ్యగారూ. డబ్బా డబ్బాకీ మారిపోద్ది. చలికి ఒక రకం, ఎండలకి ఇంకో రకం. ఏ డబ్బాకా డబ్బా చూసి కలుపుకోవాల్సిందే."

ఆయన తల పంకించి, మిల్లు ఆయన వైపు తిరిగారు. మిల్లు ఆయన తొందరపడుతున్నాడు.

"పోనీలెండి, మా వాళ్లు చూసుకుంటారు. మాట ఇచ్చారు గదా, బండి సంగతి కానివ్వండి."

"ఇచ్చానండీ. నా బండైతే ఈ క్షణం ఇచ్చేద్దును."

"మీది కాదా? అబ్బాయి గారిదా?"

"వాడిదీ కాదు. ఆ ముల్లు చూస్తా వచ్చా గదా, దారంతా అదే ఆలోచించా. దీన్ని నిలబెట్టింది మా కోడలు, ఈ బండి ఆవిడదే. నా కొట్టు మీద నేను మాటిస్తా, నా ఇంటి మీద మాటిస్తా. ఆ అమ్మాయి సొత్తు మీద నేనెట్టా మాటిస్తానండీ? నాదే పొరపాటు. ఆవిడనే అడగండి."

మా వారు చక్రం మీంచి చేతులు తీసి నా వైపు తిరిగారు. మిల్లు ఆయన కండువా సర్దుకుని నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, మా ఊరి ఆడపడుచువి. బండి అమ్ముతావా?"

"అమ్మనండీ," అన్నాను. ఆ బజారంతా వినపడేటట్టే అన్నాను.